పదవ పీఠము

మన తెలుగు ఇండ్లనుండి పర్డ్యూకో, ఇలినాయ్‌కో, మిషిగన్ స్టేట్‌కో చదువులకై పోయిన పిల్లలు అక్కడి వింతలు వ్రాయునపుడు ఒక సంగతి తప్పక చెప్పుచుందురు. శరదృతువున శనివారము వచ్చినదన్న ఊరంతయు ఒకే రంగు చొక్కాలు తొడుగుకొని క్రీడాస్థలమునకు తరలిపోవునట. ఈ మూడు విశ్వవిద్యాలయములును ఒకే క్రీడాకూటమిలోనివి. ఆ కూటమికి 'బిగ్ టెన్' అని పేరు. తెలుగున 'పదిమంది పెద్దలు' అనుకొనవచ్చును. 2024 నుండి ఆ పదింటిలో పదునెనిమిది విశ్వవిద్యాలయము లున్నవి! లెక్కలు నేర్పు సంస్థలు పెట్టుకొన్న కూటమిలో ఈ లెక్క యేమని శ్రోతలు నవ్వవచ్చును. ఆ పేరునకును ఈ సంఖ్యకును నడుమ నూట ముప్పది యేండ్ల కథ కలదు. అదంతయు ఇచట చెప్పబూనలేదు. ఒక పెద్ద లేచిపోగా ఖాళీపడిన పదవ పీఠమును గూర్చియు, దానిపై ఎవరిని కూర్చుండబెట్టుటయా యని తక్కినవారు పడిన తర్జనభర్జనలను గూర్చియు ముఖ్యముగా ముచ్చటింతుము.

మన దేశమున విశ్వవిద్యాలయముల పోటీలు మండలములవారీగా జరుగుచుండును. ఆంధ్ర విశ్వవిద్యాలయమో, ఉస్మానియా విశ్వవిద్యాలయమో జట్టును పంపదలచినచో పంపును. 'ఈ విద్యాలయము మాతో ఆడదగునా, తగదా' యని తక్కినవి కూడి ఓటు వేయు ఆచారము మనకు లేదు. అమెరికాలో నున్నది. అక్కడ కొన్ని విశ్వవిద్యాలయములు తమంతట తాము కలసి కాన్ఫరెన్సు అను కూటమిగా నేర్పడును. కూటమికంతకు ఒకే నియమావళి. ఏటేట తమలో తామాడి విజేతను తేల్చుకొందురు. ఏ కూటమిలో నున్నదన్న దానిని బట్టి విద్యాలయమునకు పరువు, పలుకుబడి, రాబడి. కావున క్రొత్తవారిని చేర్చుకొనుట వియ్యమందుట వంటిది. వంశము చూతురు, నడవడి చూతురు, ఆస్తి చూతురు. మూడింటిలో దేనిని ముందు చూతురన్నది మాత్రము కాలమునుబట్టి మారుచు వచ్చినది.

ఇక ఆ యాట. పేరు ఫుట్‌బాలే కాని మనమెరిగిన ఫుట్‌బాలు కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు, ఎదుటివారు మీదబడి కూలద్రోయుటయు అందు ప్రధానము. చెడుగుడును కుస్తీని కలిపి, దానికి కొంత యుద్ధవ్యూహము జోడించిన నెట్లుండునో అట్లుండునని మా యూహ.

1890 ప్రాంతమునకే ఈ యాటపై అక్కడ మోజు ముదిరిపోయెను. చదువుతో సంబంధము లేని బలశాలులు నేడొక కళాశాల పక్షమునను, రేపు మరొక కళాశాల పక్షమునను ఆడి, ప్రతిఫలము పుచ్చుకొని పోవుచుండిరి. ఈ యవ్యవస్థను చక్కబెట్టుటకై పర్డ్యూ విశ్వవిద్యాలయాధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్ పిలుపుపై 1895 జనవరి 11న షికాగో నగరమందలి పామర్ హౌస్ అను హోటలులో ఏడు విద్యాలయముల అధ్యక్షులు సమావేశమైరి. మరుసటి యేడు, 1896 ఫిబ్రవరి 8న, ఆ హోటలులోనే ఏడు విశ్వవిద్యాలయముల అధ్యాపక ప్రతినిధులు కూడి కూటమిని స్థాపించిరి. షికాగో, ఇలినాయ్, మిషిగన్, మిన్నెసోటా, నార్త్‌వెస్టర్న్, పర్డ్యూ, విస్కాన్సిన్ అను నవి ఆ యేడు. కూటమి అసలు పేరు బహు దీర్ఘము. 'అధ్యాపక ప్రతినిధుల అంతర్కళాశాలా సమావేశము' అని దాని తాత్పర్యము. అంత పొడవు పలుకలేక జనులు 'వెస్టర్న్ కాన్ఫరెన్సు' అనిరి. కాని ఆ పొడవైన పేరులో నొక విశేష మున్నది. అందు ఆటగాడు లేడు, శిక్షకుడు లేడు. అధ్యాపకుడున్నాడు. ప్రతి విశ్వవిద్యాలయమునకు ఒక్క ఓటు, ఆ ఓటు వేయువాడు పాఠము చెప్పు ఆచార్యుడు. సరిగా చేరి చదువుకొను విద్యార్థియే ఆడవలెను, ఆటపై పెత్తనము గురువులదై యుండవలెను. కూటమి పుట్టినది ఈ రెండు మాటలకొరకే.

1899లో ఇండియానా, అయోవా చేరినవి. 1912లో ఒహాయో స్టేట్ చేరినది. ఈ నడుమ నొక అలుక కూడ జరిగినది. 1905లో ఆటయందు దెబ్బలు తగిలి దేశమంతట పలువురు యువకులు మరణించుటతో సాక్షాత్తు దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు కల్పించుకొని పెద్ద విద్యాలయములవారిని పిలిపించి మందలించెను. 1906లో వెస్టర్న్ కాన్ఫరెన్సువారు కఠిననియమములు చేసిరి. ఏ విద్యార్థియు మూడేండ్లకు మించి ఆడరాదు, ఏడాదికి అయిదాటలే ఆడవలెను అనునవి వానిలోనివి. ఆ సంస్కరణసభను పిలిచినవాడు మిషిగన్ అధ్యక్షుడు ఏంజెల్. ఆ నియమములు తమకు కిట్టవని 1908లో కూటమిని విడిచినదియు మిషిగనే! తొమ్మిదేండ్లు వేరుండి 1917లో తిరిగి వచ్చెను. దానితో సంఖ్య పది యయినది. 'బిగ్ టెన్' అను పేరు జనుల నోట నిలిచినది అప్పుడే.

ఈ పదింటిలో షికాగో విశ్వవిద్యాలయము కథ వేరు. అది 1892లో తలుపులు తెరచినది. తొలి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పరు పండితుడు, హీబ్రూ భాషాచార్యుడు. అయినను క్రొత్త విద్యాలయమునకు దేశమున పేరు తెచ్చుటకు ఆట ఉపకరించునని గ్రహించిన లౌక్యుడు. ఆమోస్ అలొంజో స్టాగ్ అను శిక్షకుని పిలిచి అధ్యాపకహోదా నిచ్చి క్రీడాశాఖ నప్పగించెను. స్టాగ్ 1892 మొదలు 1932 వరకు నలుబదియొక్క క్రీడాఋతువులు అచటనే పనిచేసి ఏడుమార్లు కూటమి విజేతృత్వము సంపాదించిపెట్టెను. 1905లో, ఏబదియారు ఆటలు వరుసగా ఓటమి యెరుగని మిషిగన్ జట్టును 2–0తో ఓడించిన ఘనత షికాగోది. 1935లో దేశమందలి ఉత్తమ కళాశాలా క్రీడాకారునకిచ్చు హైస్మన్ బహుమానము మొట్టమొదట నందుకొన్న జే బెర్వాంగర్ షికాగో విద్యార్థియే.

1929లో ముప్పదియేండ్ల రాబర్టు మేనార్డు హచిన్స్ అధ్యక్షుడయ్యెను. విశ్వవిద్యాలయము చదువుకొరకే యున్నదని నమ్మి, ఆ నమ్మకమును అక్షరాల ఆచరణలో పెట్టిన ధైర్యశాలి. స్టాగ్‌కు డెబ్బదియేండ్లు నిండగనే వయఃపరిమితి నియమము చూపి విశ్రాంతి నిచ్చెను. కళాశాలలు టిక్కెట్ల రాబడికై ఆటనెట్లు వాడుకొనుచున్నవో 1938లో పత్రికలో ఘాటుగా వ్రాసెను. ఆటగాళ్లకై ప్రత్యేకముగ సులువు పాఠ్యక్రమములను పెట్టుటకు షికాగోవారు సమ్మతింపలేదు. ఫలితము 1939లో కనబడెను. హార్వర్డు 61–0, వర్జీనియా 47–0, ఒహాయో స్టేట్ 61–0, ఇలినాయ్ 46–0. ఒకనాడు 2–0తో ఓడిన మిషిగన్ అంతటితో ఊరకుండునా? 85–0తో బదులు తీర్చుకొనెను. ఆ డిసెంబరులోనే ధర్మకర్తలు ఫుట్‌బాలును రద్దుచేసిరి.

మూడేండ్లకు, 1942 డిసెంబరు 2న, ఆ ఆటస్థలమందలి ప్రేక్షకుల మెట్లక్రింది గదిలో ఎన్రికో ఫెర్మీ బృందము మొదటిసారిగా పరమాణు శృంఖలాచర్యను సాధించెను. కేకలు లేని క్రీడాస్థలమున లోకము గతినే మార్చిన ప్రయోగము జరిగినది. హచిన్స్ చేసినది తప్పో ఒప్పో తేల్చుటకు ఈ ప్రయోగమును సాక్ష్యముగా తెచ్చువారు కలరు. మేమట్లు తేము. ఫుట్‌బాలాడు విద్యాలయములలోను శాస్త్రజ్ఞులుండిరి. అయినను ఆ రెండు సంఘటనలకు ఆ స్థలమొక్కటియే కావుట మరువరాని సంగతి.

ఫుట్‌బాలు మానినను షికాగో తక్కిన ఆటలలో కొంతకాలము కూటమితోనే యుండెను. కాని అందును నెగ్గుకొని రాలేక 1946లో సభ్యత్వమునే వదలుకొనెను. పది తొమ్మిదైనది. వార్తాపత్రికలు 'బిగ్ నైన్' అని వ్రాయ మొదలిడినవి. పదవ పీఠము ఖాళీ.

ఆ పీఠమునకు అంతటి గిరాకి యేల యన్నచో, అదే 1946లో కూటమివారు పసిఫిక్ తీరపు కాన్ఫరెన్సుతో ఒక యొడంబడిక చేసికొనిరి. ప్రతి సంవత్సరము జనవరి మొదటి తేదీన కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరుగు 'రోజ్ బౌల్' అను మహాక్రీడలో ఇటు బిగ్ నైన్‌నుండి ఒక జట్టు, అటు పసిఫిక్ తీరమునుండి ఒక జట్టు తలపడవలెను. లక్షమందికి చేరువగా ప్రేక్షకులు, దేశమంతట రేడియో ప్రసారము! కూటమి వెలుపలనున్న మధ్యపశ్చిమపు విద్యాలయమునకు, జట్టెంత గట్టిదైనను ఆ ద్వారము మూతపడినట్లే. యుద్ధము ముగిసి, సైనికులకు ప్రభుత్వము చదువు ఖర్చులిచ్చు 1944 నాటి చట్టముమూలమున కళాశాలలు క్రిక్కిరిసిన రోజులవి. పెరుగుచున్న ప్రతి విద్యాలయమును పెద్దల పంక్తిలో చోటు కోరుచుండెను.

ఎవరెవరి పేర్లు వినవచ్చినవో చూతము. పశ్చిమమున లింకన్ నగరమందలి నెబ్రాస్కా ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లనుండియు ఈ కూటమివైపు చూచుచున్నది. తూర్పున పిట్స్‌బర్గ్ ఉన్నది. రేడియోవారమగుటచేత దానిపై మాకు కొంత అభిమానము కలదు. కళాశాలల ఫుట్‌బాలు ఆటను రేడియోలో మొట్టమొదట ప్రత్యక్షముగా వినిపించినది ఆ యూరనే. 1921 అక్టోబరు 8న కె.డి.కె.ఎ. కేంద్రము పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియాల ఆటను ప్రసారము చేసినది. ఈ విద్యాలయము 1937లో దేశమునకే మేటియై నిలిచెను. ఆటగాళ్లకు బాహాటముగా డబ్బిచ్చుచున్నారన్న అపవాదు దానికుండెను. అధికారులు సిగ్గుపడి ఆ పద్ధతి మానివేసి బిగ్ టెన్ నియమములను తమంతట తామే పాటింపబూనిరి. శిక్షకుడు కోపించి వెడలిపోయెను, జట్టు చిక్కిపోయెను, గెలుపులు కరగిపోయినవి. సచ్ఛీలమునకు ప్రతిఫలముగా పీఠము దక్కునని ఆశించిరి. దక్కలేదు. నోటర్‌డేమ్ సంగతి మరొకటి. అది అంతకు పూర్వమే ఒకటికి రెండుమార్లు యత్నించి తిరస్కారము పొంది, తన జట్టు బలముననే దేశప్రసిద్ధమై, ఇక ఎవరిని అడుగ నక్కరలేని స్థితికి చేరియుండెను.

మిగిలినది మిషిగన్ స్టేట్ కాలేజి. ఈస్ట్ లాన్సింగ్ అను ఊర 1855లో వ్యవసాయ కళాశాలగా పుట్టినది. 1862 నాటి మారిల్ చట్టముచే ఫెడరల్ ప్రభుత్వము, ఒక్కొక్క రాష్ట్రమునకు కాంగ్రెసు సభ్యునికి ముప్పదివేల ఎకరముల లెక్కన భూమి నిచ్చినది. ఆ భూమి నమ్మగా వచ్చిన ధనముతో సేద్యము, యంత్రవిద్య నేర్పు కళాశాలలు నడుపవలెనని ఏర్పాటు. వానిని 'లాండ్ గ్రాంట్' కళాశాలలందురు. ఇది పోచంపల్లిలో పుట్టిన భూదానము వంటిది కాదు. భూమి విద్యకు పెట్టుబడి యైనది. ఈ పద్ధతితో మనకును బాంధవ్యము కలదు. 1964లో హైదరాబాదున రాజేంద్రనగరములో వెలసిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు సాయపడినది ఇట్టి లాండ్ గ్రాంట్ సంస్థయైన కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయమే.

ఈస్ట్ లాన్సింగ్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరమున, ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయము కలదు. న్యాయవాదులను, వైద్యులను తీర్చిదిద్దు పాత విద్యాపీఠమది. రెంటికిని రాష్ట్రప్రభుత్వ ధనమే ఆధారము. ఒకటి పెద్దింటి అన్న, రెండవది పొలము దున్ను తమ్ముడు. తమ్ముని కళాశాల విద్యార్థులను 'పశువుల పాకవారు' అను రీతిని ఎగతాళి చేయుట అన్న విద్యార్థులకు వాడుక. ఎగతాళి యొకటే యైనచో సహింపవచ్చును. తమ్ముడు 'కాలేజి' అను మాట వదలి 'యూనివర్సిటీ' అని పిలిపించుకొనుటకు పూనినపుడు కూడ అన్న అడ్డుపడెను. 1955లో గాని ఆ పేరు దక్కలేదు. కావున 1946లో పదవ పీఠమును కోరుట ఆటల ముచ్చట మాత్రమే కాదు. విశ్వవిద్యాలయముల సరసన నొక వ్యవసాయ కళాశాల కూర్చుండదగునా యన్న ప్రశ్న అందిమిడి యున్నది.

ఈ కోరికకు సూత్రధారి ఆ కళాశాలాధ్యక్షుడు జాన్ హన్నా. ఆయన చదివినది కోళ్ల పెంపకము. 1941లో అధ్యక్షుడైనపుడు ముప్పదితొమ్మిదేండ్లు నిండలేదు. పూర్వాధ్యక్షుని అల్లుడు కూడ. మామగారి పీఠము అల్లునికి వచ్చెనని గొణిగినవారుండిరేమో కాని, ఇరువదియెనిమిదేండ్లు దానిని నడపిన తీరు చూచినవారికి ఆ మాట నోటరాదు. తరువాతికాలమున అమెరికా పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షత వహించిన వాడును, విదేశ సహాయసంస్థకు అధిపతియైన వాడును ఈయనయే. హన్నా లెక్క సూటిగా నుండెను. దేశమున కళాశాల పేరు తెలియవలె నన్నచో మంచి ప్రయోగశాలలున్నవని చెప్పిన వినువారు తక్కువ. శనివారపు ఆటలో గెలిచితిమన్న వినువారు లక్షలు. ఏబది యేండ్లకు పూర్వము షికాగోలో హార్పరు వేసిన లెక్క ఇదియే. హచిన్స్ త్రోసిపుచ్చిన లెక్కయు ఇదియే! ఆ లెక్కను తప్పనినవాడు వదలిన పీఠముపైకే దానిని నమ్మినవాడు వచ్చి చేరుట చరిత్ర కొకవిధమైన పరిహాసము.

1947లో హన్నా క్రొత్త శిక్షకుని తెచ్చెను. బిగ్గీ మన్ అని ఆయనను పిలుతురు. మిషిగన్ విశ్వవిద్యాలయములోనే ఉపశిక్షకుడుగా పనిచేసినవాడు. తొలియాట ఆ మిషిగన్‌తోనే పడెను. 55–0తో ఓడిపోయిరి. మరుసటి యేడు ఈస్ట్ లాన్సింగ్ క్రీడాస్థలమును ఏబదియొక్కవేల మంది పట్టునట్లు పెంచిరి. కూటమిలో చేరని కళాశాల అంత పెద్ద కట్టడమునకు సాహసించుట, సంబంధము కుదురకముందే పందిరి వేయుట వంటిది. ఆ క్రొత్త స్థలమున 1948లో తిరిగి మిషిగన్‌తో ఆడి 13–7తో ఓడిరి. ఓడినను ఆ ఓటమి మునుపటి ఓటమి కాదని చూచినవారందరికిని తెలిసినది.

అడ్డంకులు రెండు. ఒకటి, అన్నగారు. ఆన్ ఆర్బర్ వారు తోడ్పడిరా, అడ్డగించిరా యన్న వాదము నేటికిని ఆ రాష్ట్రమున ఉభయపక్షములను సాగుచున్నది. 'మేమే చేయిచ్చి తెచ్చితిమి' అని ఒకరు, 'మీరు చేయడ్డము పెట్టగా వచ్చితిమి' అని మరొకరు. మిషిగన్ అధ్యాపక ప్రతినిధి, న్యాయశాస్త్రాచార్యుడు రాల్ఫ్ ఐగ్లర్ ఈస్ట్ లాన్సింగ్ వారి క్రీడానీతిపై నమ్మకము లేనివాడన్నది మాత్రము స్పష్టము. ఆయన అనుమానము కేవలము అసూయ యనుటకు మా మనసొప్పదు. ఏలయన రెండవ యడ్డంకి నిజమైనది. జెనిసన్ అను దాత వీలునామాగా విడిచిన ఆస్తినుండి మిషిగన్ స్టేట్ వారు ఆటగాళ్లకు జీతము, బస, భోజనము ఇచ్చు బహుమానములను ఏర్పరచియుండిరి. ఆట బాగుగా ఆడునని విద్యార్థికి ధనసాయము చేయుట బిగ్ టెన్ నియమములకు విరుద్ధము. ఇతర సభ్యులు దాతల జేబులద్వారా చాటున ఏమి చేయుచుండిరో యెవరికి తెలియును! కాని నియమము నియమమే. చాటున జరుగునది వేరు, కాగితముపై నుండునది వేరు.

హన్నా ఆ బహుమానములను వదలుకొనెను. లాండ్ గ్రాంట్ విద్యాలయముల పెద్దలతో ఆయనకున్న స్నేహము అక్కరకు వచ్చెను. మిన్నెసోటా అధ్యక్షుడు మారిల్ ఆయనకు అండగా నిలిచెను. భూగోళము కూడ తోడ్పడినది. ఈస్ట్ లాన్సింగ్ కూటమి నడుబొడ్డుననే యున్నది. రైలు ప్రయాణముల కాలమున ఇది స్వల్పవిషయము కాదు. విద్యార్థి శుక్రవారము పాఠము విని, శనివారము ఆడి, సోమవారము తరగతికి రావలెనన్నచో దూరము చూడక తప్పదు.

1948 డిసెంబరు 12న కూటమి మిషిగన్ స్టేట్‌ను చేర్చుకొన నిశ్చయించెను. కాని ఆ నిశ్చయము నిర్నిబంధము కాదు. నియమములన్నియు నిజముగా పాటించుచున్నారో లేదో పరిశీలించినపిమ్మటనే ప్రవేశమనిరి. పరిశీలన ముగిసి 1949 మే 20న ధ్రువీకరణమైనది. పెద్దలు మరల పదిమందియైరి. ఫుట్‌బాలు ఆటలు ఏండ్ల తరబడి ముందుగానే కుదుర్చుకొనునవి కావున ఆ యాటలో చోటు 1953కు గాని రాలేదు.

ఆ నడిమి కాలమున జరిగినది హన్నా కూడ ఊహించియుండడు. 1950లో మన్ జట్టు అన్నగారిని 14–7తో ఓడించెను. 1952లో ఆడిన తొమ్మిది ఆటలును గెలిచి దేశమున ప్రథమస్థానమందుకొనెను. విజయపరంపర ఇరువదియెనిమిది ఆటలకు సాగినది. కాని 1953 ఫిబ్రవరిలో కూటమి కమిషనరు టగ్ విల్సన్ ఆ కళాశాలను ఏడాదిపాటు పరీక్షాకాలమున నుంచెను. కళాశాల అభిమానుల సంస్థ యొకటి వెలుపలనుండి ఆటగాళ్లకు ధనము సమకూర్చినదని నేరారోపణ. ఐగ్లర్‌గారి సందేహము ఉత్తది కాదని తేలినది. ఆ శిక్ష నడచుచుండగనే ఫుట్‌బాలు ప్రవేశము జరిగెను. విజయపరంపరను 6–0తో త్రుంచినది కూటమిలోని పర్డ్యూయే. అయినను తొలియేటనే ఇలినాయ్‌తో సమానముగ విజేతృత్వము పంచుకొనిరి. రోజ్ బౌల్‌కు పంపవలసినది వీరినా, వారినా యని కూటమివారు ఓటు వేసి వీరినే ఎన్నుకొనిరి. 1954 జనవరి 1న లాస్ ఏంజెలెస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టును, అనగా యు.సి.ఎల్.ఎ.ను, 28–20తో జయించిరి. శిక్షయు సత్కారమును ఒకే యేడు పొందిన విద్యాలయము మరొకటి ఉన్నదో లేదో!

లేచిపోయిన షికాగోతో స్నేహము తెగలేదు. 1958లో ఈ కూటమి విశ్వవిద్యాలయములు గ్రంథాలయములు, పరిశోధనలు పంచుకొనుటకు ఒక విద్యాసంఘము పెట్టుకొన్నపుడు షికాగోను పిలిచిరి, అది వచ్చి చేరినది. ఆట మానినవానితో చదువు మానలేదు. 1969లో షికాగో మరల ఫుట్‌బాలు జట్టును దింపెను కాని పాత పంక్తిలో కాదు. 1986లో తనవంటి పరిశోధనాలయములతో కలసి వేరొక కూటమి కట్టుకొని, ఆటగాళ్లకు ఆటపేర విద్యార్థివేతనము లేని తరగతిలో ఆడుచున్నది.

మిషిగన్ స్టేట్ ప్రవేశించిన పిదప నాలుగు దశాబ్దములు ఆ పది పీఠములును కదలలేదు. కదలించినది ఒక న్యాయస్థానపు తీర్పు. కళాశాలల ఆటలను టెలివిజనులో చూపు హక్కును అంతవరకు ఎన్.సి.ఎ.ఎ. అను జాతీయసంస్థ తన గుప్పిట పెట్టుకొనియుండెను. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఓక్లహోమా విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున ఆ గుత్తాధిపత్యము చెల్లదని ఇద్దరికి ఏడుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పెను. ఆ దినమునుండి కూటములు తమ ప్రసారములను తామే అమ్ముకొనవచ్చును. ఇక క్రొత్త సభ్యుని ఎన్నికలో చూడవలసినది ఎంతమంది ఇండ్లలో అతని ఆట చూతురన్న సంగతి. ప్రసారములో పనిచేయువారమైన మాకు ఈ మాట చెప్పుట కొంత ఇబ్బందియే. చెప్పకపోవుట అంతకన్న ఇబ్బంది.

1989 డిసెంబరులో అధ్యక్షులు పెన్ స్టేట్‌ను పిలుచుచున్నట్లు ప్రకటించిరి. తమ క్రీడాశాఖాధిపతులతోనైనను ముందుగ సంప్రదింపలేదని పెద్ద గగ్గోలు పుట్టినది. 1990 జూనులో ముగ్గురు కాదనగా ఏడుగురి ఓట్లతో ఖాయము చేసిరి. గమనింపుడు: ఓటు అధ్యాపక ప్రతినిధుల చేతినుండి అధ్యక్షుల చేతికి మారినది. పదునొకండైనను పేరు మార్చలేదు. చిహ్నములో అక్షరముల నడిమి ఖాళీలో 11 అంకెను దాచి తృప్తిపడిరి. 1999లో నోటర్‌డేమ్‌ను అడుగగా ఈసారి కాదన్నది నోటర్‌డేమే. 2007లో కూటమికి సొంత టెలివిజను కేంద్రము వచ్చెను. ఇంటికింత చొప్పున కేబులు రుసుము వచ్చునది కావున జనసమ్మర్దముగల నగరములపై చూపు పడినది. 2011లో, నూరేండ్లు ఎదురుచూచిన నెబ్రాస్కాకు చోటు దొరికెను. పరిశోధనలో మేటియైన విద్యాలయముల సంఘమున సభ్యత్వము దానికొక అర్హతగా చెప్పబడినది. అదే యేడు ఆ సంఘము నెబ్రాస్కాను తొలగించుట మరొక వింత. 2014లో వాషింగ్టన్ చెంతనున్న మేరీలాండ్, న్యూయార్కు చెంతనున్న రట్‌గర్స్ వచ్చినవి.

పిదప గట్టు తెగినది. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ., దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములను, 2023లో ఓరెగన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయములను పిలిచి 2024లో చేర్చుకొనిరి. రోజ్ బౌల్‌లో ఎదురుగా నిలిచినవారే పంక్తిలో వచ్చి కూర్చుండిరి. రట్‌గర్స్ బాలికలు వాలీబాలు ఆడుటకు నాలుగువేల కిలోమీటర్లు ఎగురవలెను. శుక్రవారము పాఠము, సోమవారము తరగతి యన్న పాతలెక్క ఇందెక్కడను ఇమడదు.

ఈ వలసతో పసిఫిక్ తీరపు పాతకూటమి కూలిపోయి, ఎవరును పిలువని విద్యాలయములు రెండే మిగిలినవి: ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. రెండును లాండ్ గ్రాంట్ సంస్థలు, రెండును చిన్న యూళ్లలోనివి. వాని అన్నలకు చోటు దొరికినది, తమ్ములకు దొరకలేదు. 1948లో ఈస్ట్ లాన్సింగ్ వారికి దక్కినది 2023లో వీరికి దక్కలేదు. కూటమి పేరు, నిధి మాత్రము న్యాయస్థానమునకు పోయి కాపాడుకొనిరి. అప్పుడు పీఠములపై మిగిలియుండినది వారిద్దరే, ఎన్నుకొనవలసిన వారును వారే. 2024 సెప్టెంబరులో బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్ అను నాలుగింటికి వారు పిలుపు పంపిరి.